ఎలుగుబంటిని చెట్టు మీద వదిలేసి వచ్చాను

రండి, ఇటు జరగండి. పొయ్యి పక్కన గోనె పరిచాను, ఈ చలికి అక్కడ కూర్చుంటేనే సుఖం. కూర్చున్నారు కదా, ఇప్పుడు మీరొక పని చెయ్యాలి. నేనొక మాట చెప్పి ఆగినప్పుడు "ఊ" అనాలి. గట్టిగా అక్కర్లేదు, నోట్లో అనుకున్నా చాలు. మీరు ఊ అనకపోతే నా కథ కదలదు. ఇది నా గొప్ప అనుకోకండి, నా రోగం. ఈ రోగంతోనే నేను జైల్లో చదువు మొదలుపెట్టి, బరాకు మొత్తాన్ని నవ్వించాను. ఆ సంగతే చెప్తాను.

జైలుకెందుకు వెళ్ళానో ముందే చెప్పేస్తాను. లేకపోతే మీ మనసంతా అక్కడే తిరుగుతుంటుంది, ఊ సరిగ్గా పడదు.

వారం సంతలో రాజ్మా గింజలు అమ్ముతున్నాను. మైదానం నుంచి వచ్చిన షావుకారు ఇనప సోలతో కొలుస్తూ, సోలని కుదిపి కుదిపి, పైన అరచెయ్యంత గుట్ట పోస్తున్నాడు. అదేటని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సోల లాక్కుని విసిరేశాను. నేను గురి పెట్టింది ఆయన గొడుగు మీదికి. మా ఊళ్ళో అందరికీ తెలుసు, నేను పుట్టి బుద్ధెరిగాక రాయి విసిరి ఒక్క మామిడికాయని రాల్చలేదు. చిన్నప్పుడు నేను రాయెత్తితే తోటి పిల్లలు చెట్టు దగ్గర్నుంచి కాదు, నా వెనకనుంచి పారిపోయేవాళ్ళు, అది ఎటు పోతుందో తెలియదని. అలాంటి నా చేతిలోంచి ఆ రోజు మాత్రం సోల తిన్నగా వెళ్ళి ఆయన నెత్తి పగలగొట్టింది. జన్మకొక్క గురి, అదీ కేసైపోయింది. ఆయన బతికాడు, నా అదృష్టం. ఇప్పటికీ సంతకి వస్తాడు. నన్ను చూస్తే ముందు సోల తీసి ఒళ్ళో పెట్టుకుంటాడు.

అదీ నా నేరం. దానికి శిక్ష పడింది, అనుభవించాను. అందులో చెప్పుకోడానికేమీ లేదు. నేను మీకు చెప్పాలనుకున్నది ఎలుగుబంటి గురించి.

సంతకి ముందు రోజు పొద్దుగూకేక, ఇదిగో ఇదే పొయ్యి దగ్గర, నా మనవరాలు నా ఒళ్ళో ఉంది. మా అమ్మాయి కూతురు. అప్పటికింకా బడికి వెళ్ళడం లేదు. దానికి రోజూ ఒక కథ చెప్పాలి. చెప్పేవాళ్ళు ఒక మాట చెప్పి ఆగాలి, వినేవాళ్ళు ఊ కొట్టాలి, అప్పుడు తర్వాతి మాట. మా కొండల మీద కథంటే అంతే. ఊ రాలేదంటే విన్నవాళ్ళు నిద్రపోయారని లెక్క. నిద్రపోయినవాళ్ళకి కథ చెప్పకూడదని మా అమ్మ అనేది. ఎక్కడ ఊ ఆగిందో అక్కడ కథని దించేసి, మర్నాడు మళ్ళీ అక్కడే ఎత్తుకోవాలి.

ఆ రోజు కథలో ఒక ఎలుగుబంటి ముసల్ది జీలుగు చెట్టెక్కింది. జీలుగు చెట్టంటే మాకు కల్లు చెట్టు, కొబ్బరి చెట్టులా నిటారుగా పోతుంది. పైన కల్లుకుండ కట్టుంది. ఎలుగు కుండలో మూతి పెట్టింది. ఊ. తీపిగా ఉందని ఇంకొంచెం లోపలికి పెట్టింది. ఊ. కడుపు నిండాక తల తీద్దామంటే కుండలోంచి తల రాలేదు. ఊ... ఆ ఊ సాగిపోయి, చివర గురకైంది. గుంట, అదే మా పిల్ల, నిద్రపోయింది. మిగతాది రేపు చెప్తానని దాని చెవిలో చెప్పి, గొంగళి కప్పాను.

రేపు సంత. సంతలో సోల. మిగతాది చెప్పాను కదా.

ఇక్కడ మీకొక గుట్టు చెప్పాలి, నవ్వకండి. ఆ మిగతాది ఏమిటో నాకే తెలియదు. నా కథలేవీ నాకు ముందుగా తెలియవు. ఊరంతా నన్ను కథల అవ్వ అంటారు గానీ, నాలో కథలేమీ దాచి లేవు. వినేవాళ్ళ ఊ పట్టుకుని నడుస్తాను. భయపడిన ఊ వస్తే పులిని వెనక్కి పంపిస్తాను. నమ్మని ఊ వస్తే ఇంకో సాక్షిని తెస్తాను. విసుగొచ్చిన ఊ వస్తే ఎవరికో ఒకరికి పెళ్ళి చేసేస్తాను. ఊ లేకపోతే నేను ఉత్త ముసల్దాన్ని.

జైలు కొండ దిగాక పట్నంలో ఉంది. అక్కడి ఉక్కపోత గురించి చెప్పను, చెప్తే మళ్ళీ పడుతుంది. కొన్నాళ్ళకి నాకు ఇంటివాళ్ళతో ఫోన్లో బొమ్మ చూస్తూ మాట్లాడే వంతు వచ్చింది. మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు. మా అమ్మాయి పిల్లని చంకనేసుకుని టైడా రైలు స్టేషన్ దాకా దిగి రావాలి. వచ్చింది. తెర మీద మా అమ్మాయి మొహం కనపడగానే ఏడుపొచ్చింది. పిల్లని చూపించమన్నాను. చూపించింది. నాకు కనపడింది ఒక జడ, దాని చివర ఎర్ర రిబ్బను. పిల్ల అటు తిరిగి నిలబడింది.

"అవ్వతోటి మాటాడవే," అంది మా అమ్మాయి.

జడ కదల్లేదు.

"ఓ గుంటా, ఇటు సూడవే. సోడి అంబలి తాగినావా?"

జడ కదల్లేదు. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు ఫోన్లో కలిశాం, ఎప్పుడూ జడే. రిబ్బను రంగు మారేది, జడ పొడుగయ్యేది, మొహం మాత్రం నేను చూడలేదు. నేను ఆ జడతో ఎంత మాట్లాడానంటే, జైలునుంచి వదిలేశాక మనవరాల్ని వెనకనుంచైతేనే గుర్తుపడతానేమో అని భయమేసింది.

"దానికి కోపమమ్మా," అంది మా అమ్మాయి ఒకసారి. "కత సగంలో ఒగ్గేసి ఎల్లిపోనావని. ఇంకెవురు కత సెప్పినా సెవులు మూసుకుంటాది. బళ్ళో ఏసినాం కదా, అక్కడ టీచరు సెప్పినా ఊ అనదట. ఆ మిగతాది ఏటో నాకు సెప్పు, నాను సెప్తాను."

తెలిస్తే చెప్పనా! తెలియదని కన్నకూతురికి చెప్పడానికి పరువు అడ్డమొచ్చింది. జైల్లో ఉన్నదానికి పరువేమిటంటారా, నాకూ అదే అర్థం కాలేదు.

"అది ఫోన్లో సెప్పీ కత కాదే," అన్నాను పెద్దగా.

అయినా ఇంకోసారి ధైర్యం చేశాను. జడకే చెప్పడం మొదలుపెట్టాను. "మరేటంటే, ఎలుగు తల కుండలో ఇరుక్కుపోనాది కదా..." అని ఆగాను. ఊ కోసం చూస్తున్నాను. చూస్తున్నాను. ఇచ్చిన టైమంతా అలా చూడ్డంతోనే అయిపోయింది. కాపలా ఉండే వార్డరమ్మ వచ్చి, "ఏటమ్మా, ఫోను పన్జెయ్యట్లేదా?" అంది.

"సేత్తందమ్మా. ఊ రావట్లేదు."

ఆవిడ ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఊ ఎక్కడ నొక్కాలో అని.

ఆ రోజు బరాకులోకి వచ్చి గోడకి తిరిగి కూర్చున్నాను. కొన్నాళ్ళకి ఆ పిల్ల నా గొంతు కూడా మర్చిపోతుంది. నేను ఇంటికెళ్ళే రోజుకి దానికి నేనెవరో కొత్త ముసల్దాన్ని. దిగులంటే నాకు అదే. ఉక్కపోత, సాంబారులో నీళ్ళు, దోమలు, ఇవన్నీ దాని తర్వాతే.

నా పక్కన చాప వేసుకునే ఆవిడ పార్వతీపురం వైపు మనిషి. బయట టిఫిన్ బడ్డీ నడిపేది. ఎందుకొచ్చిందో నేను అడగలేదు, అక్కడ అడగరు. నన్ను అక్కా అన్నట్టు అప్పా అని పిలిచేది. "అప్పా, రేపట్నుంచి సదువులంట. బొమ్మల పలకలు తెత్తారంట. రా, పేరిచ్చీ. ఊరికే గోడకేసి సూత్తే ఏటొత్తాది?" అంది.

చిన్నప్పుడు నేను బడికి వెళ్ళానంటే వెళ్ళాను. మేకలకి సెలవులుండవు కదా, వాటికోసం మానేశాను. అప్పుడు నేర్చుకున్న అక్షరాలు మేకలే మేసేశాయి.

ఒక స్వచ్ఛంద సంస్థ టీచరమ్మ వచ్చేది. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు. తలా ఒక ట్యాబ్ ఇచ్చింది. మేమంతా దాన్ని పలకే అన్నాం, చివరికి ఆవిడ కూడా పలకే అనేది. అది వెలగ్గానే అందులోంచి ఒక పంతులమ్మ నవ్వుతూ, "నమస్కారం, బాగున్నారా?" అంది.

నేను లేచి నిలబడి దండం పెట్టాను. "బాగున్నామమ్మా. మీరు బాగున్నారా? బోయినాలైనాయా?"

వెనక నవ్వులు. నాకు అర్థం కాలేదు. పంతులమ్మ అక్షరం రాసి చూపించి, "అర్థమైందా?" అంది.

"అవనేదమ్మా, ఇంకోపాలి సెప్పండి."

ఆవిడ నా మాట లెక్క చెయ్యకుండా తర్వాతి అక్షరంలోకి వెళ్ళిపోయింది. నాకు రోషమొచ్చింది. జైలుకొచ్చినదాన్నని చులకన చేసిందనుకున్నాను.

టిఫినావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అప్పా, అది బొమ్మ. నీ మాట దానికి ఇనపడదు."

"ఇనపడకపోతే అర్దమైందా అని అడగడం దేనికి?"

టీచరమ్మ వచ్చి వెనక్కి తిప్పే బాణం గుర్తు చూపించింది. అది నొక్కితే పంతులమ్మ అదే అక్షరం మళ్ళీ చెప్తుంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ. మొహం చిట్లించదు, బెత్తం ఎత్తదు, ఇంటికెళ్ళి మేకలు కాసుకోమనదు. నా జీవితంలో ఒక్క పంతులమ్మ కూడా నాకోసం అంత ఓపిక పట్టలేదు. "క" ఒక్కటే ఎన్నిసార్లు చెప్పించానో, ఆవిడ నిజం మనిషైతే నా మీద కూడా సోల విసిరేది. పాఠం అయ్యాక మాత్రం దండం పెట్టకుండా పలక ఆపేదాన్ని కాదు. బొమ్మైతే ఏం, చదువు చెప్పింది.

నా వేళ్ళతోనే తంటా. ఏళ్ళ తరబడి కాఫీ పళ్ళు కోసి కోసి మొద్దుబారిన వేళ్ళు. ఒక అక్షరం మీద వేలు పెడితే పక్కనున్న అక్షరాలు రెండూ కూడా పలికేవి. టీచరమ్మ చిటికెన వేలితో కొట్టమంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా చిటికెన వేలితోనే కొడుతున్నాను. మీ చేతిలో ఉన్న ఈ కథ కూడా దాంతో కొట్టిందే.

అక్షరాలు కలుపుకుని చదవడం వచ్చాక టీచరమ్మ ఒక రోజు అంది, "ఇవాళ్టినుంచి మీ సొంతంగా రాయండి. మీ ఇష్టం, మీ మనసులో ఏదుంటే అది. తప్పులు నేను దిద్దను."

నా మనసులో ఏముంది? చెట్టు మీద ఎలుగుంది. చిటికెన వేలితో కొట్టాను: ఎలుగు తల కుండలో ఇరుక్కుపోయింది. కొట్టి ఆగాను. చూస్తున్నాను. కాసేపటికి పలక దానంతటదే ఆరిపోయింది.

నిద్రపోయింది! నాకు తెలిసిన ధర్మం ప్రకారం నేను కథ అక్కడ దించేశాను. మర్నాడు లేపి మళ్ళీ అదే మాట కొట్టాను. మళ్ళీ ఆగాను. మళ్ళీ నిద్రపోయింది. ఇంత నిద్రమొహం పలకని నాకే అంటగట్టారేమిటా అని మార్చమని కూడా అడిగాను. మార్చారు. అది ఇంకా బేగి నిద్రపోయేది.

టీచరమ్మ వచ్చి చూసేసరికి ఒకే మాట కింద కింద వరసగా ఉంది. "అవ్వా, ఒక్క వాక్యమే మళ్ళీ మళ్ళీ ఎందుకు రాశారు?"

"నానేటి సెయ్యనమ్మా, అది నిద్దరోతంది. నిద్దరోయినోళ్ళకి కత సెప్పకూడదు కదా."

ఆవిడ ముందు నా మొహం చూసింది, తర్వాత పలక చూసింది, ఆ తర్వాత కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. బరాకంతా ఒకటే నవ్వు. వార్డరమ్మ కూడా అటు తిరిగి నవ్వుకుంది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను, అందరూ నవ్వుతుంటే ఒక్కదాన్నే ఏడిస్తే బాగోదు. నవ్వులయ్యాక టీచరమ్మ నా పక్కన చతికిలబడి, ఊ సంగతంతా అడిగింది. చెప్పాను. మనవరాలి సంగతి చెప్పాను. నాకు ముగింపు తెలియదన్న మాట మొట్టమొదట ఆవిడతోనే చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"అయితే మీకు ఊ కొట్టే మనిషి కావాలి," అని టిఫినావిడని నా పక్కన కూర్చోబెట్టింది.

టిఫినావిడ ఊ ఎలా ఉంటుందో చెప్తాను. పెనం మీద అట్టు ఉంది, ఎదురుగా నలుగురు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు, అప్పుడు ఎవరో వచ్చి ఇంటి కష్టాలు చెప్తే ఎలా ఊ అంటారో, అలాంటి ఊ. "ఊ, ఊ, ఊ. బేగి సెప్పప్పా, తరవాతేటి?" ఆ తొందరకి నా ఎలుగు చెట్టు మీద నిలవలేక, ఒక మాటలో కిందకి, ఒక మాటలో పైకి పరిగెట్టింది. కల్లు తాగిన మనిషి కూడా అన్నిసార్లు ఎక్కి దిగడు. మొత్తం తుడిపేసి మళ్ళీ మొదలుపెట్టాను.

"సెల్లీ, నువ్వు నిదానంగా అను. పక్కన సంటిపిల్ల నిద్దరోతందనుకో."

కొన్నాళ్ళకి ఆవిడ ఊ మెత్తబడింది. ఒకసారైతే ఆవిడ ఊ విని నేను చెయ్యి ఆపేశాను. ఆ ఊలో తడి ఉంది. ఎవరు గుర్తొచ్చారో నేను అడగలేదు.

ముగింపు కోసం బరాకులో రోజూ పంచాయితీ. "కుండ పగలగొట్టీమను, మట్టిదే కదా," అని ఒకావిడ. "పగిలితే ముక్కలు మొహంలో దిగవా?" అని ఇంకొకావిడ. "కల్లు గీసీవోడొచ్చి దింపుతాడు," అంటే, "ఆడొచ్చేది దాన్ని కొట్టడానికే," అని గొడవ. ఎప్పుడూ ఎవరూ చూడ్డానికి రాని ఒకామె మాత్రం మూలనుంచి, "ఎవురూ రారు. అదే దిగాల," అంది. ఆ మాటతో ఆ రోజుకి పంచాయితీ లేచిపోయింది.

నేను అన్ని ముగింపులూ రాసి చూశాను. ఏదీ అతకలేదు. అతకదు మరి, ఆ కథకి ఊ కొట్టాల్సినది టైడా స్టేషన్లో అటు తిరిగి నిలబడి ఉంది. దాని ఊ లేకుండా దాని కథ నడిపించడం నా వల్ల కాలేదు.

చివరికి అలాగే రాశాను. మొదట్నుంచి రాసి, తల ఇరుక్కున్న చోటికి తెచ్చి, ఆపేశాను. ప్రతి మాట కిందా ఒక లైను ఖాళీ వదిలాను. చివర ఒక పేజీ మొత్తం ఖాళీ. టీచరమ్మ దాన్ని ప్రింటు తీయించి తెచ్చింది. చూస్తే ఖాళీలన్నీ పోయాయి. నేను పొరపాటున కొట్టాననుకుని ఆవిడ లైన్లన్నీ దగ్గరికి చేర్చేసిందట. నా కథ నేనే చదవలేకపోయాను. సంతరోజు జీపులో మనుషుల్ని కుక్కినట్టుంది.

"ఈ కాళీలేటైనాయమ్మా?"

"అవి అవసరమా అవ్వా?"

"అవి దాని ఊలు."

ఆవిడ దాన్ని తీసుకెళ్ళి, ఖాళీలతో మళ్ళీ ప్రింటు తెచ్చింది. వార్డరమ్మ దాన్ని తపాలాకి ఇచ్చేముందు తిరగేసి, "రాసిందానికన్నా రాయనిదే ఎక్కువుంది. కాయితం దండగ," అంది. అన్నా, అంటించి పంపింది. పంపాక నాకు భయం పట్టుకుంది. ఆ పిల్లకి నేనిచ్చింది ఏమిటి? ఎక్కడ వదిలేశానో మళ్ళీ అక్కడే వదిలేసిన కథ. కోపం ఉన్నవాళ్ళకి అదే కోపం మళ్ళీ ఉతికి ఆరేసి పంపినట్టు.

ఫోను రోజు వచ్చింది. నా వెనక వరసలో టిఫినావిడ, ఇంకొంతమంది. తెర వెలిగింది. మా అమ్మాయి. పక్కన జడ. రిబ్బను ఈసారి తెల్లది, బడి రిబ్బను.

"కాయితం అందిందమ్మా. నాను సదవనేదు. అదే సదువుకున్నాది," అంది మా అమ్మాయి.

ఎప్పుడూ వాగేదాన్ని, ఆ రోజు జడని చూస్తూ కూర్చుండిపోయాను. వెనకనుంచి వంతుల వాళ్ళ గొణుగుడు మొదలైంది.

అప్పుడు జడ ఊగింది. గిర్రున తిరిగింది. ముందు పళ్ళు ఊడిపోయి, బుగ్గలు కాస్త లాక్కుపోయి, కళ్ళు మాత్రం అవే.

"అవ్వా, నీకు బుద్ది నేదేటి?"

నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

"ఇన్నాళ్ళు రాసి రాసి, ఎలుగుని అక్కడే ఒగ్గేసినావేటి? అదెలాగ ఊపిరి తీస్తాది? కుండలో కల్లు వాసన కొట్టదా? ఇప్పుడు కుండలు ఎక్కడున్నాయి, మన ఊరి కల్లు తాత ప్లాస్టిక్ డబ్బా కడతన్నాడు కదా! నువ్వు సూడనేదా?"

"నాను జైల్లో ఉన్నానే, డబ్బాలెలాగ సూత్తాను?"

"మరి నాకు ఫోన్లో అడగొచ్చు కదా!"

అడిగాను తల్లీ, నీ జడని అడిగాను, అనబోయి ఊరుకున్నాను. "సరే, డబ్బాయే అనుకో. మరి ఎలుగు ఎలాగ దిగుతాది? నాకు తెలీదే."

మొత్తానికి అనేశాను. మా అమ్మాయి నోరు తెరిచింది. పిల్ల మాత్రం ఆశ్చర్యపడలేదు. నాకు తెలియదని దానికి మొదట్నుంచీ తెలుసనుకుంటాను.

"నాను రాసినాను. కాళీ పేజీ ఇచ్చినావు కదా." కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుంది. చదువుతోందో, ఊహించి చెప్తోందో నాకు తెలియలేదు. "ఎలుగుకి కళ్ళు కనపడవు. నేల ఎటున్నాదో దానికి తెలీదు." అని ఆగింది.

నేను చూస్తున్నాను.

"అవ్వా! ఊ అనవేటి?"

"ఊ," అన్నాను.

"కింద దాని మనవరాలు ఉన్నాది. సిన్న ఎలుగు."

"ఊ."

"అది కిందనుంచి ఊ అంటాది. ఊ ఎటునుంచి ఇనపడితే నేల అటున్నట్టు. పెద్ద ఎలుగు అటు ఒక కాలు దించుతాది."

"ఊ." ఈసారి నా ఊ ఒక్కటే కాదు. వెనక టిఫినావిడ కూడా అంది. ఆవిడ వెనక ఇంకెవరో.

"మళ్ళీ ఊ అంటాది. మళ్ళీ ఒక కాలు దించుతాది."

"ఊ," అంది వరస వరసంతా. వంతు కోసం గొణిగినవాళ్ళు కూడా. వార్డరమ్మ గడియారం చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగింది. ఆవిడ పెదాలు కూడా కదిలాయని టిఫినావిడ ఆ తర్వాత ఒట్టేసి మరీ చెప్పింది.

"అలాగ దిగతా దిగతా దిగతా..." అంటోంది పిల్ల. మొహం తెర మీద గళ్ళు గళ్ళుగా విడిపోయింది, గొంతు తెగింది, తెర నల్లబడింది. టైడాలో రైలొచ్చిందో, సిగ్నలే పోయిందో.

బరాకులో నాకు తిట్లే తిట్లు. "ఏటప్పా, దిగిందా నేదా? మద్దిలో ఒగ్గేసినారు, నీ గుంట నీలాగే ఉంది!" నాకేం తెలుసు, ఇప్పుడు కథ నాది కాదు కదా. తర్వాతి ఫోను దాకా అందరూ ఆగారు. ఆ మధ్యలోనే టిఫినావిడ కూడా పలక ముందు కూర్చుంది. మొదట పల్లీ పచ్చడి ఎలా చెయ్యాలో రాసింది. పచ్చడి నూరే చేతుల గురించి రాసింది. తర్వాత వాళ్ళ అమ్మ గురించి. రాసింది చదువుతూ ఒక్కొక్కచోట ఆగిపోయేది. నేను పక్కన కూర్చుని, చంటిపిల్ల నిద్రపోతోందనుకుని, మెల్లగా ఊ అనేదాన్ని.

అవునూ, ఎలుగు దిగింది. మీరు కూడా అదే అడగబోతున్నారు కదా. నేలకి జానెడు ఎత్తున ఉండగా కాలు జారి మనవరాలి మీదే పడిందట. దెబ్బేమీ తగల్లేదట. డబ్బా ఇంకా ఊడలేదట, అది వేరే కథట.

శిక్ష తీరి ఇంటికొచ్చాక, ఇప్పుడు ఇంట్లో పద్ధతి తిరగబడింది. రోజూ పొద్దుగూకేక కథ చెప్పేది ఆ గుంట, ఊ కొట్టేది నేను. పగలంతా కాఫీ తోటలో వొంగి లేచినదాన్ని, పొయ్యి వెచ్చదనానికి కళ్ళు మూతలు పడతాయి. అప్పుడు నా మోచెయ్యి మీద ఒక పోటు. "అవ్వా, నిద్దరోతన్నావేటి? కత ఎక్కడ ఆపినానో సెప్పు!" చెప్పలేను. పంతులమ్మకైతే వెనక్కి తిప్పే బాణం ఉండేది. దీనికి లేదు.

సరే, మీరు చాలాసేపు ఓపిక పట్టి ఊ కొట్టారు, నాకు వినపడింది. మీ ఇంటి పొయ్యి మీద అంబలి ఎప్పుడూ పొంగుతుండాలి. మీ పెద్దవాళ్ళు మాట మధ్యలో ఆగితే, పక్కనుంచి ఊ అనే చిన్నగొంతు ఒకటి ఆ ఇంట్లో ఉండాలి. దూరాన ఎవరైనా చిక్కుకుపోయి ఉంటే, మీ ఊ పట్టుకుని అడుగడుగునా దిగి చల్లగా ఇల్లు చేరాలి.